గ్రాఫిక్స్ కార్డుకు పొన్నాడ

మా తమ్ముడు రాఘవన్ పాడైన సామాను దేన్నీ ఊరికే పారేయడు. దానికి రిటైర్మెంటు సభ పెడతాడు. కుర్చీలు వేసి, మైకు పెట్టి, గంధం బొట్టు పెట్టి, ఉపన్యాసం చెప్పి, జరీ అంచు శాలువా కప్పి సాగనంపుతాడు. ఆ శాలువాను మా వైపు పొన్నాడ అంటారు. మా తమిళనాడులో మనిషి ఏదైనా ఎక్కినా, దేన్నించైనా దిగినా భుజం మీద పొన్నాడ పడాల్సిందే. ఆఫీసులో అధికారికి పడుతుంది, స్కూల్లో హెడ్మాస్టరుకు పడుతుంది. మా తమ్ముడింట్లో మిక్సీ జారుకు పడింది.

నేను కోతలు కోస్తున్నానని అనుకునేవాళ్ళు రాజపాళయం వచ్చి వాడి హాల్లో అద్దాల బీరువా చూసుకోవచ్చు. పై అరలో మిక్సీ జారు, దాని పక్కన ఫ్యాను కండెన్సరు, కింది అరలో సైకిల్ పెడలు. ఒక్కోదానికి సత్రపట్టిలో ఆసుపత్రుల కోసం నేసే కట్టుగుడ్డ చుట్టి, నుదురు ఎక్కడుందో చూసుకుని, అక్కడ కుంకుమ పెట్టి కూర్చోబెట్టాడు. కండెన్సరుకు నుదురేమిటిరా అని అడిగాను. "వైర్లు ఉండేది కాళ్ళక్కా. అప్పుడు దానికి ఎదురుపక్క తలే కదా" అన్నాడు. నాతో వాదించి ఎవరైనా గెలవడం మా వీధిలో పెద్ద వార్త.

నేను వాడి అక్కను, జక్కమ్మను. మూడో తరగతి దాటలేదు. నేను టీచరుకు నచ్చక కాదు, టీచరు నాకు నచ్చక. మిల్లు క్యాంటీనులో ఇడ్లీ అండా ముందు నిలబడి నా వయసంతా ఆవిరి పట్టించాను. రాఘవన్ అదే మిల్లులో ఫిట్టరు. మిషను దగ్గుతుంటే చెవి పెట్టి ఏ పన్ను ఊడిందో చెప్పేవాడు. ఒక పొద్దున సైరను మోగలేదు. వెళ్ళి చూస్తే గేటుకు తాళం. దండా లేదు, దణ్ణమూ లేదు. నా గరిటె లోపలే ఉండిపోయింది.

తర్వాతెప్పుడో ఒక సంఘంవాళ్ళు పాత మిల్లు పనివాళ్ళకు సన్మానమని పిలిచారు. కొత్త చీర కట్టుకుని వెళ్ళాను. ఒక్కొక్క మగాడినీ ఇంటి పేరూ తండ్రి పేరూ చదివి పిలిచారు. మధ్యలో మా వంతు వచ్చేసరికి "క్యాంటీన్ ఆడోళ్ళందరూ వరసగా రండి" అన్నారు. నాకు పేరు లేదా? మా అమ్మ మరిచిపోయిందా పెట్టడం? లేచి ఇంటికి వచ్చేశాను. ఆ పొన్నాడ వాళ్ళ దగ్గరే ఉంది, దాంతో ఏం తుడుచుకుంటున్నారో. ఆ రోజు రాఘవన్ కూడా తన వంతు రాకముందే నా వెనకాలే లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చాక చూసుకుంటే చెప్పులు అక్కడే మరిచిపోయాడు.

ఆ తర్వాతే వాడికి ఈ పిచ్చి పట్టింది. భార్య పోయిన మగాడు కదా, పొద్దుపోక చేస్తున్నాడనుకున్నాను. మా ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకే గోడ. మైకు కూత పెడితే మా ఇంట్లో పాలు విరిగేవి.

సభ అన్నాక ముఖ్య అతిథి ఉండాలి. వాడి సభలన్నింటికీ ముఖ్య అతిథి ఒక్కరే, మా మిల్లుకు మేనేజరుగా చేసిన రవిచంద్రన్ సారు. ఆయన ఇంట్లో పొన్నాడలకు లెక్కే లేదు. టీవీకి ఒకటి, సోఫాకు ఒకటి, కారుకు ఒకటి కప్పారు. వాళ్ళ పనిమనిషి వేడి గిన్నె దించేది కూడా జరీ అంచుతోనే. అంత పెద్దమనిషి కోసం మావాడు హాలు మధ్యలో చేతుల కుర్చీ వేసి, దాని మీద ఉతికిన టవలు పరిచి, వీధి మొదటికి చూస్తూ నిలబడతాడు. ఆయన రాడు. ఒక్కసారి కూడా రాలేదు. ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుందని మావాడి తెల్లకుక్కకు కూడా తెలుసు. మైకు కూత వినబడగానే వచ్చి ఆ టవలు మీద ముడుచుకుని పడుకుంటుంది.

"ఏంరా, మీ సారు ఈ తూరి కూడా రాలేదా?" అంటాను నేను వంటింటి గుమ్మంలోంచి. సభకు కేసరి చేసే పని నాదే మరి.

"ఏం చేసేదక్కా, పెద్దమనుషులు. పని ఉంటాది."

"రిటైరైనోడికి ఏం పనిరా? నీ సభకు రాకుండా ఉండేదే ఆయనకు పనిగా ఉండాది!"

"మంచి టైము దాటిపోతా ఉండాదే" అని వాడు గడియారం చూసి, దారిన పోయేవాళ్ళను పట్టుకునేవాడు. మిక్సీ జారు సభకు అట్లా దొరికింది వెళ్ళయమ్మాళ్. మిల్లులో దూది దుమ్ము ఊడ్చి ఊడ్చి దగ్గు తెచ్చుకున్న మనిషి, ఇప్పుడు ఆకుకూరలు అమ్ముతుంది.

"వెళ్ళయమ్మా, సారు రాలేదు. కొంచెం నువ్వు నిలబడు."

"నేనా సామీ? నా నెత్తిన గంప ఉండాదే!"

"గంప దించు. జారుకు పొన్నాడ వెయ్యి."

ఆమె భయం భయంగా వేసింది. జారేమో జానెడు, శాలువా నాలుగు మూరలు. జారు కనబడకుండా పోయింది. రాఘవన్ ఫోటో తీసి, అప్పుడే కొత్తగా కనిపెట్టినవాడిలా "అయ్యో, దీనికి పెద్దదాయె కదా!" అని శాలువా తీసి వెళ్ళయమ్మాళ్ భుజాల మీద కప్పి చప్పట్లు కొట్టాడు. ఆ రోజు ఆమె కూర అమ్మలేదు. గంప మా ఇంట్లోనే పెట్టి వీధి వీధీ తిరిగింది.

ఫ్యాను కండెన్సరు సభకు టీ ఇవ్వడానికి వచ్చిన వీరన్ దొరికాడు. మిల్లులో బాబిన్ల బండి తోసినవాడు, ఇప్పుడు వీధి చివర టీ కొట్టు. "సారు రాలేదు వీరా." "మంచి టైము దాటిపోతా ఉండాది వీరా." "అయ్యో, దీనికి పెద్దదాయె కదా!" కండెన్సరు నా బొటనవేలంత ఉంటుంది. దానికి శాలువా పెద్దదని తెలుసుకోవడానికి కప్పి చూడాలా? ఆ శాలువా ఇప్పటికీ వీరన్ టీ పొయ్యి వెనక మేకుకు ప్లాస్టిక్ కవరులో వేలాడుతుంది. ఎవరైనా అడిగితే టీ చల్లారేదాకా కథ చెబుతాడు.

ప్రతిసారీ నేను గరిటె పట్టుకుని అదే మాట అనేదాన్ని. "ముఖ్య అతిథిని తెచ్చుకునే యోగ్యత లేనోడికి సభలెందుకురా?" వాడు నవ్వేవాడు. నా మాటకు నవ్వి బతికి బట్టకట్టినవాడు వాడొక్కడే.

ఇక కంప్యూటరు సంగతి. ఎవరో ఆఫీసు ఎత్తేస్తుంటే రాఘవన్ తెచ్చుకున్నాడు. తెచ్చినప్పుడు పెట్టె పాలలా ఉండేది, ఇప్పుడు పసుపు నీళ్ళలో ముంచినట్టుంది. లోపలి సామాను ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాడు. పోయినవన్నీ పొన్నాడలు వేయించుకుని బీరువా ఎక్కాయి. ఎవరూ తన పరోక్షంలో దేన్నీ ఊడదీయకుండా ఆ పెట్టెకు మిల్లు లాకరు తాళం వేశాడు. తాళంచెవి వాడి మొలతాడుకు ఉంటుంది. దాన్ని దొంగిలించాలంటే వాడి పంచె ఊడదీయాలి. ఆ పని చేసే మనిషి రాజపాళయంలో లేడు.

ఆ కంప్యూటరు వాడేది నా మనవరాలు అభినయ. ఇంకా కట్టని ఇళ్ళను కట్టేసినట్టు బొమ్మలు గీస్తుంది. కోయంబత్తూరు కంపెనీ ఒకటి దానికి పరీక్ష పెట్టింది. కట్టని ఇంటి లోపల నడిచి చూపించే వీడియో ఒకటి శనివారం సాయంత్రం లోపల పంపితే ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. పంపకపోతే ఇంకో పిల్లకిస్తారు. పిల్ల తిండి మానేసి ఆ వారమంతా తాత హాల్లోనే కూర్చుంది.

నేనూ పక్కనే కూర్చుని చూశాను. తెర మీద వీధి తలుపు తెరుచుకుంటుంది. హాలు వస్తుంది. కిటికీ వస్తుంది. కిటికీలోంచి ఎండ పడబోయేసరికి తెర నీలంగా మారిపోయి అంతా ఆగిపోతుంది. మళ్ళీ తలుపు, మళ్ళీ హాలు, మళ్ళీ కిటికీ, మళ్ళీ నీలం. ఆ ఇంట్లోకి ఎండ రానివ్వకూడదని ఎవరో ఒట్టు పెట్టుకున్నట్టుంది.

"ఏమైందే?"

"గ్రాఫిక్స్ కార్డవ్వా. లోపల బొమ్మలు గీసేది అదే. పాతదాయె. ఎండా నీడా గీయమంటే దానికి పానం పోతా ఉండాది."

"అయితే మబ్బు పట్టిన దినం అని రాసి పంపించు."

"అవ్వా!"

"సరి, సరి. నాకు తోచింది చెప్పినా."

పిల్ల ఇసక్కిముత్తు కొట్టుకు పరుగెత్తి, ఎవరో వాడి ఇచ్చేసిన కార్డు ఒకటి తెచ్చింది. పాతది అరచేతంత ఉంటే ఇది మూరెడుంది, రెండు ఫ్యాన్లతో. ఇసక్కిముత్తు ఒక మాట కూడా చెప్పి పంపాడట. ఈ కార్డుకు కరెంటు తిండి ఎక్కువ, మీ పెట్టెలో కరెంటు పంచే డబ్బా ముసలిది, ఈ వారం ఎట్లాగో లాక్కొస్తుంది, ఆ తర్వాత దాన్నీ మార్చండి అని.

శుక్రవారం సాయంత్రం పిల్ల కార్డు పట్టుకుని తాత ముందు నిలబడింది.

"తాతా, తాళం తీ. పది నిమిషాల పని."

"పని పది నిమిషాలే. సభో?"

"తాతా! రేపు సాయంత్రం లోపల పంపాల! ఈ కార్డు వేసినాక కూడా మిషను పొద్దంతా ఓడాల, నిలవకుండా తిరగాల!"

"ఓడనీ. కానీ నీ బొమ్మలన్నీ ఇన్నాళ్ళు గీసింది ఎవురు? కొత్తోడు వచ్చినాడని పాతోణ్ణి గేటు బయటికి తోసేదా? అది మిల్లోళ్ళ పని. మనింట్లో కాదు."

నేను గోడ ఇవతల నుంచే అరిచాను. "ఒరే రాఘవా! పిల్ల బతుకు పోతా ఉంటే నీకు రేకుముక్కకు సన్మానమా?"

"రేపు పొద్దున రాహుకాలం తొమ్మిదికి అక్కా. దానికి ముందే ముగించేస్తా. ఈ తూరి నువ్వు వంట చేయొద్దు. వీరన్ కొట్లోనుంచి వడలు వస్తాయి."

"నా కేసరికి ఏం తక్కువరా?"

"ఏమీ తక్కువ లేదు. నువ్వు మంచి చీర కట్టుకోని ముందర కూర్చో, చాలు."

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని సభలకు వండిపెట్టినదాన్ని, నన్ను వద్దని టీ కొట్టు వడలా? మంచి చీర ఎందుకు కట్టుకోవాలి అనుకున్నాను. తర్వాత, నా కోపం వాడికి కనబడాలంటే మంచి చీర కట్టుకునే వెళ్ళాలి అనిపించి కట్టుకున్నాను.

శనివారం పొద్దున హాలు తయారు. మైకు కూసింది. కుక్క వచ్చి ముఖ్య అతిథి కుర్చీ ఎక్కింది. కొత్త కార్డుకు గంధం పెట్టబోతుంటే అభినయ తన ఒంటితో అడ్డం పడి, "డబ్బాకు పెట్టు తాతా, అట్టడబ్బాకు పెట్టు!" అని బతిమాలింది. అట్టడబ్బాకు నామం పెట్టాడు. టీ కొట్టు వడలు వచ్చాయి. గట్టిగా ఉన్నాయి, ఆ సంగతి నలుగురికీ వినబడేలా చెప్పాను. నలుగురంటే నేను, పిల్ల, కుక్క, వాడు.

ముఖ్య అతిథి రాలేదు.

గడియారం తొమ్మిది వైపు జరుగుతోంది. పిల్ల గోళ్ళు కొరుకుతోంది. రాఘవన్ గుమ్మంలోకి వెళ్ళి వీధి చూసి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు.

"తాతా, రాహుకాలం వస్తే మళ్ళా పదిన్నర దాకా ముట్టుకోవు నువ్వు. నా గతి ఏంది?" అంది పిల్ల.

"ముఖ్య అతిథి లేకుండా ఎట్లమ్మా? వీధిలో కూడా ఎవురూ పోలేదే ఈ పొద్దు."

"ఒరే, ఆ మైకు నీ నెత్తిన పగలగొడతా. ఎవురో ఒకరు నిలబడితే చాలు కదా?"

"చాలు. కానీ ఎవురుండారక్కా?"

"నేనుండాను కదరా గుడ్డోడా! పిల్ల ఉద్యోగం కంటే నీ సారు ఎక్కువా? జరుగు!" అని కుక్కను కుర్చీలోంచి దించి కూర్చున్నాను.

రాఘవన్ మైకు తీసుకుని, అసెంబ్లీ ముందు నిలబడ్డవాడిలా గొంతు సవరించుకుని, తమిళ సభల్లో పెద్దవాళ్ళను పిలిచే పద్ధతిలో అరిచాడు.

"ముఖ్య అతిథిగా వచ్చి మనల్ని గౌరవించిన... తిరుమతి ఎం. జక్కమ్మాళ్ అవర్గళ్!"

మా నాన్న పేరు ముద్దయ్య. ఆ 'ఎం' ఆయనదే. నా పేరు ముందు ఆ అక్షరం పెట్టి మైకులో పిలవడం నేను ఎప్పుడూ వినలేదు. రేషను కొట్లో కూడా 'ఏయ్ ముసలమ్మా' అనే అంటారు, ఆ తర్వాత నేను వాళ్ళను ఏమంటానో అది వేరే సంగతి. గోడ అవతల నా ఇంట్లో కూడా ఆ పేరు మోగింది. లేచి నిలబడకుండా ఉండలేకపోయాను.

రాఘవన్ మొలతాడు నుంచి తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, పాత కార్డు ఊడదీశాడు. హాలంతా గుడిలో లాగా గుమ్మని వాసన వచ్చింది. పిల్ల కార్డు లాక్కుని తిప్పి చూసింది.

"తాతా! చిప్పు మీద ఇదేంది?"

"గంధం."

"గంధమా?"

"పోయిన ఎండాకాలం బాగా వేడెక్కింది. ఇప్పి చూస్తే చిప్పు మీద వెయ్యాల్సిన చలవ పేస్టు ఎండిపోయి ఉండింది. కొట్లో పేస్టు లేదు. పూజ గదిలో గంధం ఉండింది. చలవే కదా?"

"అందుకే తాతా అది చస్తా ఉండింది!"

"పావం" అన్నాడు రాఘవన్, కార్డును చూస్తూ. "అయినా ఒక దినం లీవు పెట్టలేదు."

తర్వాత ఉపన్యాసం. "ఈ కార్డు మూసిన డబ్బాలో, వేడిలో నిలబడి పని చేసింది. బయట చూసినోళ్ళు అందరూ బొమ్మ బాగుంది అన్నారు. లోపల ఎవురు ఉడికిపోతా ఉండారు అని ఎవురూ అడగలేదు. పోయేటప్పుడు అయినా పేరు పెట్టి పిలిచి పంపించాల. అది మర్యాద." ఇంతే చెప్పాడు. మామూలుగా వాడి ఉపన్యాసం వడలు చల్లారేదాకా సాగుతుంది. సాంబ్రాణి ఎక్కువ వేసినట్టున్నాడు, నా కళ్ళు మండాయి.

నేను పాత కార్డు మీద పొన్నాడ కప్పాను. ఆకుపచ్చ రంగు, అరచేయి వెడల్పు జరీ. అరచేతంత కార్డు దాని కింద ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పిల్ల ఫోటో తీసింది. ఇక మావాడి వంతు.

"అయ్యో, దీనికి పెద్దదాయె కదా!"

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాను. అనేలోపల అది నా భుజాల మీద పడింది. విదిలించేద్దామనుకున్నాను. రాహుకాలం ముంచుకొస్తోంది, పిల్ల తొందరలో ఉంది, అందుకని విదిలించలేదు.

కొత్త కార్డు పెట్టెలో పట్టలేదు. లోపల ఒక రేకు గూడు అడ్డం వచ్చింది. పిల్ల ఏడవబోయింది. రాఘవన్ మాత్రం పాత ఫిట్టరు మొహం పెట్టి, మోటారు బండి మెకానిక్కులు వాడే రంపం బ్లేడు తెచ్చి, అడ్డం వచ్చిన రేకును గాటు పెట్టి కోసి, ఇత్తడి పొడి ఊదినట్టు రేకు పొడి ఊదేశాడు. రంపం కోత కంటే పిల్ల అరుపే ఎక్కువ వినబడింది. కార్డు కూర్చుంది. స్విచ్చి వేశారు.

తలుపు తెరుచుకుంది. హాలు వచ్చింది. కిటికీ వచ్చింది. ఎండ కిటికీలోంచి దిగి, నేల మీద పాకి, కట్టని ఇంట్లో కట్టని గోడ ఎక్కింది. కుక్క కూడా మొరిగింది.

ఇక పొద్దంతా మిషను తిరుగుతూనే ఉంది. లోపలి కరెంటు డబ్బా ముసలివాడు మెట్లెక్కినట్టు ఆయాసపడింది. దానికి కరెంటు చాలదేమోనని నేను మా ఇంట్లో ఫ్రిజ్ ఆపాను, ఫ్యాను ఆపాను, వాడింట్లో లైట్లన్నీ ఆపాను.

"అవ్వా, దానికీ దీనికీ సంబంధం లేదు."

"లేకపోతే పోనీ. నువ్వు పని చూడు."

సాయంత్రం వీడియో వెళ్ళిపోయింది. అప్పుడు చూసుకుంటే నా భుజం మీద శాలువా అట్లాగే ఉంది. ఫ్యాను లేని ఇంట్లో, ఉక్కలో, పొద్దంతా జరీ శాలువా కప్పుకుని తిరిగానా? తీసి మడిచి బీరువాలో పెట్టాను. కాసేపటికి మడత సరిగ్గా పడలేదనిపించి మళ్ళీ తీసి మళ్ళీ మడిచాను. ఇంకోసారి కూడా.

ఆదివారం పొద్దున పాల బూతు దగ్గర రవిచంద్రన్ సారు కనబడ్డారు, నిక్కరూ బూట్లూ వేసుకుని నడక నడుస్తూ. వదులుతానా?

"ఏం సారూ, పెద్దమనిషి అంటే మాట మీద ఉండాల. మా తమ్ముడు కుర్చీ వేసి, టవలు పరిచి కాచుకోని ఉంటే రాకపోతిరే! మీవల్ల పిల్ల ఉద్యోగం పోతా ఉండింది!"

"ఏం సభమ్మా?"

"గ్రాఫిక్స్ కార్డు రిటైర్మెంటు!"

ఆయన కళ్ళు మూసుకుని, పాల ప్యాకెట్టు గుండెకు హత్తుకున్నారు.

"ఇప్పుడు కార్డా? జక్కమ్మా, నన్ను ఎవురూ పిలవలేదు. ఆ వీరన్ ఒక దినం నన్ను టీ కొట్టు ముందర నిలబెట్టి తిట్టినాడు, కండెన్సరు సభకు రాలేదని. దానికి ముందు వెళ్ళయమ్మాళ్ నడి బజార్లో ఆకుకూర కట్ట చూపించి తిట్టింది, మిక్సీ జారంట. నాకు ఏ జారూ తెలీదు. ఊర్లో ఎవురు కొత్త పొన్నాడ వేసుకున్నా మరునాడు వచ్చి నన్నే తిడతారు! మీ తమ్ముడు ఒక్క తూరైనా నన్ను పిలిచినాడా, పోయి అడుగు!"

నేను అడగడానికి వెళ్ళలేదు. పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వెళ్ళయమ్మాళ్, వీరన్, సైకిల్ పెడలు సభకు దొరికిన ముత్తుమారి, నేను. అందరమూ ఆ తాళం వేసిన గేటు బయట నిలబడ్డవాళ్ళమే. పిలిచి ఇస్తానంటే వాళ్ళు సిగ్గుపడి పారిపోతారు. నేనైతే మొహాన కొడతాను. అందుకని సారు రాలేదు, టైము దాటిపోతోంది, సామానుకు శాలువా పెద్దదైంది. ఇన్నేళ్ళూ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను కదా! ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంటుందో కుక్క కనిపెట్టింది, నేను కనిపెట్టలేదు.

"సారూ, మా తమ్ముడికి ఎవురైనా పొన్నాడ వేసినారా?"

"మిల్లే మూసేస్తే ఎవురు వేస్తారు? ఆ సంఘం సభలో కూడా వాని పేరు పిలిస్తే మనిషి లేడు. చెప్పులు మాత్రం ఉండినాయి."

"సరి, చెప్తా వినండి. వచ్చే శుక్రవారం కంప్యూటరులో కరెంటు డబ్బాకు రిటైర్మెంటు. ముఖ్య అతిథి మీరే."

ఆయన మొహం విప్పారింది. "నిజంగానా? ఇన్నేళ్ళకు పిలిచినారే! తప్పకుండా వస్తా."

"వస్తే కాలు విరగ్గొడతా! మీ పనే రాకుండా ఉండేది."

ఆయన మేనేజరుగా చేసిన మనిషి కదా, అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బూట్ల వైపు చూసుకుని, గొంతు సవరించుకుని అన్నారు. "సరి జక్కమ్మా. తప్పకుండా రాను."

ఆ వారంలోనే పిల్లకు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సభ నేనే దగ్గరుండి జరిపించాను. కేసరి కూడా నేనే చేశాను, వడలోడి ముందు నా పరువు నిలబెట్టుకోవాలి కదా. కుర్చీ వేశాను, టవలు పరిచాను, కుక్క ఎక్కింది. రాఘవన్ నాకంటే ముందే వీధి వైపు చూస్తున్నాడు, కూరగాయల బండివాడో ఎవరో దొరకకపోతారా అని. నేను వెళ్ళి గేటు గడియ పెట్టి వచ్చాను.

"మీ సారు రాలేదురా."

"ఏం చేసేదక్కా..."

"పెద్దమనుషులు, పని ఉంటాది. మంచి టైము దాటిపోతా ఉండాది. నువ్వే నిలబడు."

"నేనా? సభ పెట్టేది నేను కదక్కా!"

మైకు నేను తీసుకున్నాను. మూడో తరగతి చదువుతో ఎంత గట్టిగా అరవచ్చో అంత గట్టిగా అరిచాను. "ఫిట్టర్ ఎం. రాఘవన్ అవర్గళ్!" మైకు కూత కూడా భయపడి ఆగిపోయింది. వాడు నా మొహంలోకి చూశాడు. దొరికిపోయిన దొంగలా నవ్వి తల దించుకున్నాడు. కరెంటు డబ్బా మీద ఎర్ర పొన్నాడ కప్పించాను.

"అయ్యో" అన్నాను, "దీనికి పెద్దదాయె కదా!"

వాడి భుజాల మీద కప్పుతుంటే అభినయ నా చెయ్యి గిల్లి కిటికీ వైపు చూపించింది. వీధిలో రవిచంద్రన్ సారు. ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట విభూతి. గేటు ముందు ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తున్నారు. ఆ కొస నుంచి ఈ కొసకు వస్తున్నారు. మైకు వినబడినప్పుడల్లా ఆగి, గడియ వైపు చూసి, గుండెలు పొంగించి మళ్ళీ నడుస్తున్నారు.

మాట ఇచ్చిన మనిషి. లోపలికి మాత్రం రాలేదు.